కోటలో ఉడికిన కిచిడీ

ఆగ్రా కోట బయట ఇనాయత్ నడిపే కహ్వా దుకాణంలో ఆ పొద్దున మా అందరి గిన్నెలూ చల్లారిపోయాయి. సుభాన్ బేగ్ మాట్లాడుతుంటే తాగడం ఎవరికి గుర్తుంటుంది? ఇనాయత్ చెల్లెలు ఖుర్షీద్ బీకి మొగుడు పోయి చాలా కాలమైంది. ఆమెను నిఖా చేసుకుంటానని ఈయన కబురు పెట్టాడు. "దాని ఇష్టమే నా ఇష్టం. తెర వెనక కూర్చుని వింటుంది, నీ గురించి నువ్వే చెప్పుకో" అన్నాడు ఇనాయత్. సుభాన్ బేగ్‌ది ఒంటరి బతుకు, తన వంట తానే తినలేక చిక్కిపోయిన మనిషి. ఈ సంబంధం తప్పితే ఇంకోటి రాదని ఆయనకీ తెలుసు. అందుకే వయసు నలభై అంటూ మొదలుపెట్టాడు. మాకందరికీ ఒకేసారి దగ్గొచ్చింది.

"దగ్గితే దగ్గండి. కోట వంటశాలలో చేసినవాణ్ణి నేను. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, ఊరందరికీ తెలుసు. ఓ రోజు పెద్ద వంటవాడికి జ్వరం తగిలింది. లోపల పాదుషావారి నాయనమ్మ నోటికేదీ హితవుగా లేదని కంచం తోసేస్తోంది. 'సుభాన్, నువ్వే ఏదో ఒకటి ఉడకెయ్' అన్నారు. ఉత్త పెసరపప్పు కిచిడీ, ఇంత నెయ్యి. అంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అరక్క హకీముని పిలిచుంటారు" అన్నాడు గుర్రాలకి జీన్లు కుట్టే ఫత్తూ.

"అరక్కపోవడమా? మొదటి ముద్దకి ముసలావిడ జుట్టు నల్లబడింది, రెండో ముద్దకి నడుం నిటారైంది, గిన్నె సగమయ్యేసరికి చేతికర్ర కిటికీలోంచి యమునలోకి విసిరేసి గాజులు తెమ్మంది."

"జనానాలోకి నిన్నెవరు రానిచ్చారు, చూడ్డానికి?"

"చూశానన్నానా? లోపలి దాసీలు పరిగెత్తుకొచ్చి చెప్పారు. నువ్వు జీన్లు కుట్టుకో ఫత్తూ. ఇంక చూస్కో, మేనత్తలు, పినతల్లులు, పాత రాణులు గిన్నె మీద పడ్డారు. చిన్న రాణుల్ని మాత్రం దగ్గరికి రానివ్వలేదు, తగ్గించుకోవడానికి వాళ్లకి వయసేదీ? ఓ మేనత్త ఆశకి పోయి అడుగంటింది కూడా గీకి తినేసింది. ఏమైందో తెలుసా? ఉయ్యాల్లో పడుంది, కేరుకేరుమని. పోనీ ఎత్తుకుందామంటే దాది కూడా గరిటె నాకిందయ్యా. దాదికి ఇంకో దాదిని వెతకాల్సొచ్చింది."

ఇనాయత్ పొయ్యి ఊదడం మానేసి కడుపు పట్టుకుని నవ్వాడు. తెర కూడా కాస్త కదిలింది. అది చూసి సుభాన్ బేగ్‌కి రెక్కలొచ్చాయి.

"అసలు సంగతి ఇప్పుడుంది. గిన్నె కడిగిన నీళ్లు మహల్ గోడ పక్కన పారబోశారు. తెల్లారేసరికి మహల్‌కి వయసు తగ్గిపోయింది."

"మహల్‌కా?"

"మరి? గుమ్మటాలు దిగిపోయాయి, గోడలు కుంచించుకుపోయి పునాదుల్లోకి వెళ్లాయి, పాలరాళ్లన్నీ తిరిగి మక్రానా గనికి పోతామని మూటాముల్లే సర్దుకున్నాయి. రాణులంతా పరుపులతో సహా ఆరుబయట. పాదుషావారే నా చెయ్యి పట్టుకుని, 'బాబూ సుభాన్, ఇంకెప్పుడూ కిచిడీ వండకు, ఖజానా ఖాళీ అవుతుంది' అన్నారు. అందుకే కొలువు వదిలేశాను. లేకపోతే నాలాంటివాణ్ణి వాళ్లు వదులుతారా?"

దుకాణంలో నవ్వులు తగ్గాక తెర వెనక నుంచి ఖుర్షీద్ బీ గొంతు నెమ్మదిగా వినిపించింది. "సాహెబ్, ఒక్క మాట. రాణులకి పంపే వంట ఎవరో ఒకరు ముందు తిని చూపించాలంటారు కదా. ఆ కిచిడీ ఎవరు తిన్నారు?"

ఆమె నోరు విప్పిందన్న సంబరంతో సుభాన్ బేగ్ లేచి నిలబడ్డాడు. "ఇంకెవరు బీబీ? వండినవాడే తినాలి, కోట కట్టుబాటు. వాళ్లు ఓ ముద్ద చాలన్నారు. నేను ఊరుకుంటానా? పళ్లెం నిండా పెట్టుకుని, మెతుకు మిగల్చకుండా, అందరి ఎదుటా తిన్నాను."

తెర వెనక గొంతు మళ్లీ వినిపించింది.

"అంత తిన్నాక కూడా ఇలా ఉన్నారంటే, తినకముందు తమ వయసెంత సాహెబ్?"