ఖాళీ ఇంటి గుమ్మంలో నలభై జతల చెప్పులు

మొదట్లో సుగెంగ్ చేతిలో ఉన్నది ఇరవై వేల రుపియాలు. "అంతకు మించి ఒక్క రుపియా ఉంటే ఒట్టు!" అంటూ అతను బు వార్సిహ్ కాఫీ కొట్టు బల్ల మీద అరచేత్తో చరిచాడు.

అప్పుడే ఉపవాసం విడిచిన జనం అరటిపండు బజ్జీలు నములుతున్నారు. ఉపవాసాల నెల ముగిసే లెబరాన్ పండుగ దగ్గరికొచ్చేసింది. రేపటినుంచి సందు సందంతా సొంతూళ్ళ బస్సులెక్కుతుంది. జకార్తాలో తాళాలు మిగులుతాయి, తాళాల కోసం దొంగలు మిగులుతారు. ఇళ్ళకు కాపలా ఉంటానని సుగెంగ్ వారంనుంచి గడప గడపా తిరిగాడు. ఒక్క తాళంచెవీ చేతిలో పడలేదు. ఫ్యాన్లు బాగుచేసే ఇరవై రెండేళ్ళ కుర్రాడు, పైగా నోరు తెరిస్తే కోతలు, ఎవరిస్తారు? అందుకే ఇవాళ, నిరుడు తను కాసిన ఒకే ఒక్క ఇంటి కథ ఎత్తుకున్నాడు.

"పాక్ హెండార్తో ఇల్లు నా చేతుల్లో పెట్టి ఊరెళ్ళాడా! నేను ఆలోచించాను. దొంగ ముందు ఏం చూస్తాడు? తాళమా? కాదు, గుమ్మం! గుమ్మం ముందు చెప్పులుంటే లోపల మనుషులున్నట్టే కదా. పాత సామాన్ల వాడి దగ్గర జత ఐదు వేల చొప్పున నాలుగు జతల రబ్బరు చెప్పులు కొన్నాను. ఇరవై వేలూ చెల్లు! వాటిని గుమ్మంలో చిందరవందరగా పడేశాను. సర్ది పెడితే అనుమానం వస్తుంది చూడండి."

"అది నిజమేరా," అన్నాడు దర్జీ పాక్ ముల్యోనో.

ఆ ఒక్క మాటతో సుగెంగ్‌కి రెక్కలొచ్చాయి.

"ఒక దొంగ వచ్చాడు, చెప్పులు చూశాడు, వెనక్కి తిరిగాడు. నాలుగు జతలకే ఇంత ఫలితమా అని నలభై చేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నలభై జతలు చూసి, లోపల ప్రార్థన జరుగుతోంది, ఆపైన విందు ఉంటుందనుకుని పుల్లలకు మాంసం గుచ్చి కాల్చే సాతే బండివాడు వచ్చి ఆగాడు. ఆ పొగకు బుడగలవాడు వచ్చాడు. బుడగలు చూసి దొంగలు, ఒకడు కాదు, ఏడుగురు! చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, వసారాలో చాప మీద బుద్ధిగా కూర్చున్నారు, అన్నం ఎప్పుడు వడ్డిస్తారా అని!"

"నువ్వేం చేశావు మరి?" బు వార్సిహ్ నవ్వాపుకుంటూ అడిగింది.

"వడ్డించలేదు. పెద్ద దొంగకేమో మొహమాటం. విందుకు వట్టి చేతులతో ఎవరైనా వస్తారా? చక్కెరో ఏదో పట్టుకురమ్మని ఒక మనిషిని పంపాడు. వాడికి చక్కెర ఎక్కడ దొరుకుతుంది పాపం! వాళ్ళ దగ్గరున్నదేదో తెచ్చాడు. టీవీ! రెండోవాడు, నేనేం తక్కువా అని ఫ్రిజ్జు తెచ్చాడు. మూడోవాడు మోటారు సైకిలు! పాక్ హెండార్తో ఊరినుంచి వచ్చి తలుపు తోస్తే తలుపు తెరుచుకోలేదండీ, లోపల అంత సామాను!"

"అంత సామాను ఇప్పుడెక్కడుందిరా?"

"ఎవరివి వాళ్ళకిచ్చేశాం, మనం దొంగలమా? అసలు కథ వినండి. అప్పటికి చెప్పులు నాలుగు వందల జతలు! సందు దాటి పెద్ద రోడ్డెక్కాయి. పైన విమానం పోతోంది. కిందికి చూసి పైలట్, ఇంత పవిత్రమైన చోటు మీదుగా పోతూ ఇదేం అమర్యాద అని, తన బూట్లు విప్పేశాడు!"

"అది నీకెలా తెలుసు?"

"ఒకటి మన వాకిట్లో పడిందిగా!"

కొట్టంతా గొల్లుమంది. సుగెంగ్ ఛాతీ ఉబ్బించి, ఇక తాళంచెవులు తీయండన్నట్టు చుట్టూ చూశాడు. అప్పుడు కనిపించింది, మూలన గాజు గ్లాసులో కాఫీ ఊదుకుంటున్న బు రత్మి. నిరుడు సందంతా ఊరెళ్ళింది, చూసినవాళ్ళు లేరు, ఎంతైనా కోయొచ్చు అనుకున్నాడు గానీ, వెళ్ళని మనిషి ఒకరున్నారని మరిచేపోయాడు.

ఆరేళ్ళ కిందట బు రత్మి పండక్కి ఊరెళ్తే ఆమె కుట్టుమిషను దొంగలపాలైంది. అప్పట్నుంచి వొనొసొబోలో ఉన్న చెల్లెలి మొహం చూడలేదు.

"ఒరేయ్, నేను ఎదురింట్లోనే ఉన్నాను," అందామె మెల్లగా. "మూడు జతలు. రెండు నావి, అడిగి పట్టుకెళ్ళావు. మూడోది నీది. అందుకేగా పండగ ప్రార్థనకు వట్టి కాళ్ళతో వెళ్ళొచ్చావు! ఇరవై వేలూ నూడుల్స్ పొట్లాలకైపోయాయి. ఇక దొంగ అంటావా, మా పిల్లి. దాన్ని చూసి 'ఎవడ్రా అది' అని నువ్వు పెట్టిన కేకకు నా చేతిలో గ్లాసు పగిలింది."

నవ్వి నవ్వి పాక్ ముల్యోనోకి పొలమారింది. సుగెంగ్ తల వంచుకుని బల్ల మీది చక్కెర పలుకులు గోటితో నెట్టసాగాడు. ఈ ఏడు కూడా తాళంచెవి లేనట్టే.

"ఇంకా ఉంది, విను," అంది బు రత్మి. "పండగ రోజు ప్రార్థన నుంచి వచ్చాక పులుసన్నం తిందువు రమ్మంటే, గడప దిగనన్నావు. గిన్నె నేనే తెచ్చి ఇవ్వాల్సొచ్చింది. రాత్రంతా బకెట్ బోర్లించి వాయిస్తూ ఆ దిక్కుమాలిన పాటలు పాడావు. ఆ గోల వింటూ నేను కిటికీ తెరుచుకుని పడుకున్నాను. మిషను పోయాక అలా పడుకోవడం అదే మొదటిసారి."

ఆమె చెంగు ముడి విప్పింది. తాళంచెవి బల్ల మీద టక్కుమంది.

"చెల్లెలు ఏటా బస్సు టికెట్ కొని పంపుతుంది, నేను ఏటా పాడుచేస్తాను. ఈసారి వెళ్తాను. రేపు పొద్దున్నే బస్సు."

సుగెంగ్ ఆ తాళంచెవిని ముట్టుకోవడానికి ముందు చొక్కాకు చెయ్యి తుడుచుకున్నాడు. "బు రత్మీ, మీ చెప్పులు..."

"రెండు జతలూ గుమ్మంలోనే ఉంటాయి. నీవి మాత్రం కాళ్ళకే ఉంచుకో."

పాక్ ముల్యోనో గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లో పాతవి ఐదు జతలున్నాయిరా, కావాలంటే..."

సుగెంగ్ అప్పటికే లేచి నిలబడ్డాడు. రెండూ ఐదూ ఏడు. ముందు ముల్యోనో ఇంటికి వెళ్ళాలి, చెప్పుల కోసం. చెప్పులిచ్చిన చెయ్యి తాళంచెవి ఇవ్వకపోతుందా?