మరియమ్మ కొత్త గౌను

శాంటా ఫేలో పాత చర్చిలు చూపించమంటూ లియాండ్రో డెన్వర్ నుంచి కొరీనా అనే అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. దగ్గరుండి చూపిస్తున్నది ఇసిదోరా. ఆమె కూతురు బెనీల్దా ఇతన్ని చేసుకోవలసిన పిల్ల. పెళ్ళి దగ్గరపడ్డాక మంచు రోడ్డు మీద కారు జారి చనిపోయింది. మూడేళ్ళయినా ఇసిదోరా అతనికి అత్తే.

"ఇంకొక్కటే చూద్దామని ఇందాకే అన్నావు అత్తా."

"ఇందాకటిది లెక్కలోకి రాదు నాయనా. ఫొటోలవాళ్ళు అడ్డంపడి సగమే చూశాం."

"కాసేపు కూచుందాం. నీతో ఒక మాట..."

"కూచుంటే మళ్ళీ లేవలేను. నడు. కొరీనా, కాళ్ళు నొప్పా?"

"లేదమ్మా. ఈ గోడలన్నీ మట్టేనా?"

"మట్టే. ఏటా ఆడవాళ్ళం చేత్తో పూస్తాం. నున్నగా ఉన్నచోటల్లా నా చెయ్యి. గతుకులున్నచోట మా వదినది. ఆవిడతో అనకు."

"అత్తా, నేను చెప్పేది..."

"మధ్యాహ్నం ఎర్ర మిరపకాయ కూరకే ఈ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది, చూశావా? డెన్వర్‌లో మిరపకాయలు కూడా మర్యాదస్తులేమో."

"నేను దగ్గుతుంటే మంచినీళ్ళిచ్చిన దిక్కు లేదమ్మా. ఈయనేమో కిటికీలోంచి చూస్తూ కూచున్నారు."

"ఈయనా?"

"అంటే... లియాండ్రో."

"సరే సరే. ఈ నీడన ఉండండి. లోపల తాళాలావిడ ఉందేమో చూసొస్తాను."

"వెళ్ళింది. రాగానే చెప్పెయ్ లియాండ్రో."

"చూస్తున్నావుగా. నోరు తెరిస్తే చాలు, మాట మార్చేస్తోంది."

"నువ్వు తెరిచేదీ సగమే. వచ్చే నెలలో మన పెళ్ళి. ఎవరో చెప్పగా వింటే ఆవిడ ఏమైపోతుంది?"

"నేను చెబితే మాత్రం తట్టుకుంటుందా? ఇప్పటికీ ఊళ్ళో అందరికీ మా అల్లుడనే చెబుతుంది. క్రిస్మస్‌కి చొక్కా కొని పంపుతుంది. నేను వేసుకుంటాను. ఏం చెయ్యమంటావు?"

"చెప్పమంటాను."

"చెబుతాను. వస్తోంది, ఊరుకో."

"రండి, తలుపు తీసే ఉంది. అటు కాదు, ఎదురుగా. మరియమ్మని చూడు నాయనా."

"అమ్మా, ఎంత చిన్న బొమ్మో. మూడేళ్ళ పిల్లంత ఉంది. ఆ గౌను ఎంత బావుందో."

"ఈ తల్లికి బట్టలు మేమే కుడతాం కొరీనా. మొక్కుకున్నవాళ్ళు తెచ్చిస్తారు. ఇది మొన్న ఆదివారమే తొడిగారు. చూశావా లియాండ్రో?"

"చూశాను. అత్తా, నేను వచ్చింది..."

"సరిగ్గా చూడు. చేతుల దగ్గర లేసు చూడు."

"చూస్తున్నాను. బావుంది. ఎవరిచ్చారు?"

"నేనే. అదేమో పెద్ద గౌను, ఈ తల్లి ఇంతే. మూరలకి మూరలు కోసెయ్యాల్సొచ్చింది. కత్తెర పెట్టడం, ఏడవడం, మళ్ళీ పెట్టడం. నడుం దగ్గర బెనీల్దా తన చేత్తో వేసుకున్న కుట్టుంది. అది మాత్రం విప్పలేదు."

"ఇది... బెనీల్దా పెళ్ళి గౌనా?"

"దానిదే."

"ఎన్నిసార్లు బతిమాలాను అత్తా, ఒక్కసారి చూపించమని. సమాధి దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం కూడా అడిగాను. బీరువాకి అడ్డం నిలబడ్డావు."

"నిలబడ్డాను."

"ఎందుకు?"

"పెళ్ళికి ముందు పెళ్ళికొడుకు గౌను చూస్తే ఆ పెళ్ళి జరగదని మా అమ్మ అనేది. పిల్ల మట్టిలో ఉందని నాకు తెలియదా? తెలుసు. అయినా నువ్వు చూడనన్నాళ్ళూ ఆ పెళ్ళి ఇంకా జరగాల్సే ఉందనిపించేది. పిచ్చిదాన్ని."

"మరి ఇవాళెందుకు తీసుకొచ్చావు?"

"ఒక అమ్మాయికి చర్చిలు చూపించాలని ఫోన్ చేశావు. నువ్వు పుట్టి పెరిగిన ఊళ్ళో చర్చిలు చూపించడానికి నేనెందుకు నాయనా? ఆ రోజే బీరువా తీశాను."

"అత్తా..."

"ఏడవకు. కొరీనా, ఇలా రామ్మా, వీడి చెయ్యి పట్టుకో. గౌను చూసేశావు నాయనా. ఇక మా ఇంట్లో నీ పెళ్ళి లేదు."