నమూనా గదిలో పోయిన పైడమ్మ

అక్కలారా, అన్నలారా!

గీదం నుంచి బస్సులో నిలబడి వచ్చినవాళ్లకు, ఇవాళ్టి కూలి వదులుకుని వచ్చినవాళ్లకు, అడగ్గానే ఈ షెడ్డు తాళం తీసి ఇచ్చిన బచేలి గని క్వార్టర్ల పెద్దలకు దండాలు. షెడ్డు నిండిపోయింది. గుమ్మం బయట కూడా నిలబడ్డారు. పైడమ్మత్త బతికుండగా ఇక్కడే ఎన్నోసార్లు మీటింగ్ పెట్టింది. అప్పుడు ఇందులో సగం మంది కూడా రాలేదు. అప్పుడు ఎక్కడున్నాం మనం? నిష్ఠూరంగా మాట్లాడుతున్నానని మీకు కోపం రావచ్చు. రానివ్వండి. ఇవాళ నా దగ్గర నిష్ఠూరం తప్ప ఇంకేమీ లేదు.

పైడమ్మత్త పోయింది. బిల్డర్లు ఇల్లు కట్టి, కొన్నవాళ్ల చేతికి తాళం ఇచ్చే ముందు, ఆ ఇంటిని కడిగి తుడిచి మనుషులు ఉండేలా చేసేది మన సఫాయి బృందం. ఆ బృందాన్ని పుట్టించిన మనిషి, గీదంలో ఒక కొత్త అపార్ట్‌మెంటు స్నానాలగదిలో యాసిడ్ పొగకు ఊపిరాడక పోయింది. కొన్నవాళ్లు ఇంకా గృహప్రవేశం చెయ్యలేదు. ఆ గదిలో మొదటి స్నానం ఇంకా ఎవరూ చెయ్యలేదు. మొదటి చావు మాత్రం మనది.

ఆమె శ్రీకాకుళం నుంచి, గనిలో ఠేకాకు, అంటే కాంట్రాక్టు కూలీగా, వచ్చిన భర్త వెంట ఇక్కడికి వచ్చింది. ఆయన పోయాక కూతురు రామతులసిని పెట్టుకుని ఇక్కడే ఉండిపోయింది. నేను ఈ బృందం బకెట్లు మోసే ఆటో నడుపుతాను. ఆమెతో నాకున్న చుట్టరికం అంతే. నా జేబులో ఎప్పుడూ ఏదో ఒక కరపత్రం ఉండేది. అది చూస్తే ఆమెకు నవ్వు. "ఓరి లీడరూ, ఆ కాయితం మడిసి జేబులో ఎట్టుకో. ముందు ఈ బకెట్టందుకో. నీ ఇప్లవం మేడ మీదికి నీల్లు మొయ్యదు" అనేది. నాకు ఒళ్లు మండేది. అయినా బకెట్ అందుకునేవాణ్ని.

మొదటి ఠేకా ఎలా వచ్చిందో చెప్పాలి. గీదంలో ఇళ్ల కాలనీ వేస్తున్న సేఠ్ దగ్గరికి ఆమే, తర్లగూడ నుంచి వచ్చి ఆమెతో కలిసి పనిచేసే మాసే అక్కా వెళ్లారు. ఆయన తలెత్తి చూడలేదు. "ఝాడూ పట్టేవాళ్లకు ఠేకా ఏమిటి, రోజు కూలీకి రండి" అన్నాడు. పైడమ్మత్త ఏం చేసింది? బతిమాలలేదు. పోట్లాడలేదు. "ఒక్క గది ఇయ్యండి బాబూ, నచ్చితేనే మిగతావి" అంది. ఇద్దరూ కిటికీ అద్దాల మీది రంగు చుక్కలు బ్లేడుతో గీకారు. గచ్చు మీద గట్టిపడిన సిమెంటు మరకలు తీశారు. సాయంత్రం సేఠ్ భార్యను పిలిచి, చెప్పులు విప్పి గదంతా నడవమన్నారు. ఆ తర్వాత కాలెత్తి అరికాలు చూసుకోమన్నారు. ఆమె అరికాలు చూసుకుంది. మొగుడి వంక చూసింది. అంతే. ఠేకా మనదయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాసే అక్క ఒకటే నవ్వు. "ఏందొదినా, సేఠానీ కొంగ లెక్క ఒంటికాలి మీద నిలబడ్డది. పడితే మన మీదనే పడుతుండె" అంది. పైడమ్మత్త తడుముకోలేదు. "పడితే పట్టుకుందుము గానీ, నా గచ్చు మీద మరక పడనిత్తానేటి?" అంది. ఆ రోజు ఆ ఆటోలో ఉన్నది నా జీవితంలోకెల్లా పెద్ద గెలుపు అనుకున్నాను. ఎంత పిచ్చివాణ్ని!

నమూనా గది అలా పుట్టింది. అది మన ఆయుధం అనుకున్నాం. దాని పిడి ఎవరి చేతిలో ఉందో చూసుకోలేదు. మనల్ని చూసి చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా బృందాలు లేచాయి. బిల్డర్లు అందరితోనూ ఒకే మాట అనడం మొదలుపెట్టారు: "ముందు ఒక గది చేసి చూపించండి, తర్వాత కబురు చేస్తాం." చేసి చూపించేవాళ్లం. కబురు వచ్చేది కాదు. మన పని నచ్చలేదు కాబోలని సిగ్గుపడి ఇంకో బృందంతో చెప్పుకునేవాళ్లం కాదు. వాళ్లూ సిగ్గుపడి మనతో చెప్పుకునేవాళ్లు కాదు. చూశారా అక్కలారా? బిల్డరు సిగ్గుపడాల్సిన చోట మనం సిగ్గుపడ్డాం. వాడికి కావలసింది అదే.

ఆ మోసం గీదం సంతలో బయటపడింది. చింతపండు రాశుల దగ్గర బేరమాడుతూ ఆడవాళ్లు మాటల్లో పడ్డారు. నీలం గేటు ఇంట్లో మేం వంటగది చేశామని ఒకరన్నారు. అదే ఇంట్లో హాలు మేం చేశామని మరొకరు. పడగ్గది మాదని ఇంకొకరు. గదికో బృందం చొప్పున, ఆ వరసలో ఇళ్లన్నీ ఆ బిల్డరు మన చేత ఉత్తపుణ్యానికి కడిగించుకున్నాడు! "పెండ్లికి వండినట్టు తలా ఒక కూర వండినం కాదే, తిన్నోడు వాడొక్కడేనాయె" అని మాసే అక్క అంటే సంతలో అందరూ పడీపడీ నవ్వారు. పైడమ్మత్త నవ్వలేదు. అక్కడే, ఆ చింతపండు రాశుల మధ్యే నిలబడి చెప్పింది: "ఇక మీదట నమూనా నేదు. మన పని సూడాలంటే మనం సేసిన ఇల్లు సూపిత్తాం. నచ్చితే ఠేకా కాయితం రాయమనండి. నేదంటే ఆల్ల గచ్చు ఆల్లనే తుడుసుకోమనండి." ఒకరి చేతిలో ఒకరు చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు.

ఆ ఒట్టు నిలిచింది. వానలు పడేదాకా నిలిచింది. మన ఆడవాళ్లు మొదటిసారి కాగితం మీద ఠేకా రాయించుకున్నారు. పనిలో ఎవరికి దెబ్బ తగిలినా, ఏం జరిగినా బాధ్యత బిల్డరుదేనని ఆమె పట్టుబట్టి రాయించింది. కరపత్రాలు చదివింది నేను. రాయించింది ఆమె.

వానల్లో కట్టుబడి తగ్గింది. రాయపూర్ నుంచి యంత్రాలతో, ఒకే రంగు చొక్కాలతో ఒక కంపెనీ దిగింది. వాళ్లు నమూనా చేస్తామన్నారు. మళ్లీ మొదలయింది. మనలో కొందరు చాటుగా నమూనాకు వెళ్లారు. పేర్లు చెప్పను. తలలు ఎందుకు దించుకుంటారు, నేను పేర్లు చెప్పలేదుగా? ఆ రోజు మీ గుమ్మాల ముందు నిలబడి ద్రోహులని అరిచాను. పైడమ్మత్త వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "తిట్టకురా. పొయ్యి ఎలగని ఇంట్లో ఒట్టు ఎక్కడ దాసుకుంటారు?" అంది.

ఆ తర్వాత ఆమే గీదం అపార్ట్‌మెంటులో నమూనా చెయ్యడానికి వెళ్లింది. ఒంటరిగా వెళ్లింది. నా ఆటో పిలవలేదు, మాసే అక్కను పిలవలేదు, రామతులసికి సంతకని చెప్పింది. ఎందుకు ఒంటరిగా? ఒట్టు తప్పితే ఆ మచ్చ తనకొక్కదానికే అంటాలని. నాకు ఇంకో కారణం తోచడం లేదు. బృందానికి పని కావాలి, బృందం మాట తప్పకూడదు. ఈ రెంటి మధ్య ఆమె తనను పెట్టుకుంది.

పక్క ఫ్లాట్‌లో కోస అనే టైల్స్ మేస్త్రి రాళ్లు కోస్తున్నాడు. దుమ్ము ఎగిరి వస్తోంది. కడిగిన గచ్చు మీద దుమ్ము పడితే నమూనా పాడవుతుంది. అందుకని స్నానాలగది తలుపు ఆమే మూసుకుంది. కిటికీ కూడా మూసింది. సిమెంటు మరకల మీద యాసిడ్ పోసి ఆ పొగలో కూర్చుని రుద్దింది. బయట నుంచి ఎవరూ గడియ పెట్టలేదు. వాడి గచ్చు బాగుండాలని తన ఊపిరి తనే మూసుకుంది. కోస తలుపు తోసేసరికి అంతా అయిపోయింది. నేను చదివిన కాగితాల్లో దీనికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. ఏ పేరు పెట్టి పిలిచినా ఆమె లేచి రాదు.

బిల్డరు ఏమన్నాడో తెలుసా? "ఆమె మా మనిషి కాదు. ఆమెకూ మాకూ ఠేకా లేదు." నిజమే! ఎంత నిజం! నమూనాకు వచ్చిన మనిషి ఎవరి మనిషీ కాదు. అందుకే వాడికి నమూనా కావాలి.

ఆమె బూడిద చల్లారకముందే వాడి లెక్కలు చూసే మున్షీ చక్రధరరావుగారు మన బస్తీకి వచ్చారు. ఆ స్నానాలగది బిల్డరు సేఠ్‌గారికి నచ్చిందట. మిగతా ఫ్లాట్లన్నీ మన బృందానికే ఇస్తారట. రేపు పొద్దున్నే పని మొదలుపెట్టాలట. వింటున్నారా? పైడమ్మత్త ఠేకా గెలిచింది.

ఆ ఠేకాను వాడి మొహాన కొట్టమని చెప్పడానికే నేను ఇక్కడ లేచి నిలబడ్డాను. మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. కానీ పొద్దున రామతులసి నాతో ఒక మాట అంది. "అమ్మ పేనం ఎట్టి తెచ్చిన పని అన్నా. వదిలేత్తే అమ్మ దేనికి పోయినట్టు?" ఆమె ఇక్కడే, ముందు వరసలో కూర్చుంది. వెళ్తే వాడు గెలిచినట్టు. వెళ్లకపోతే రాయపూర్ వాళ్లు వస్తారు, అప్పుడూ వాడే గెలిచినట్టు. మనం గెలిచే దారి ఏ కరపత్రంలోనూ నాకు దొరకలేదు. మీలో ఎవరికైనా దొరికితే చెప్పండి, మీ కాళ్లకు దండం పెడతాను.

చక్రధరరావుగారు కూడా వచ్చారు. అదిగో, గుమ్మం దగ్గర నిలబడ్డారు. సంతాపానికి వచ్చానన్నారు. కానీ ఇందాకటి నుంచి మన ఆడవాళ్లను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి, రేపు ఎంతమంది వస్తారో అడుగుతున్నారు.

అక్కలారా, సభ అయ్యాక మీ ఇష్టం. ఎవరు ఏ జవాబిచ్చినా ఈసారి నేను మీ గుమ్మం ముందు అరవను. పైడమ్మత్త కోసం ఒకటే అడుగుతున్నాను. అందరూ లేవండి. నోరు విప్పకండి. ఆయన మన ముఖాల్లోకి చూస్తారు, చూడనివ్వండి. ఎవరూ తలూపకండి. మనం ఇలా నిలబడినంతసేపూ వాళ్లకు ఔననీ చెప్పం, కాదనీ చెప్పం.

లేవండి.