మందుకు చావని జీను

నంద్యాల పక్కన పరిశోధన పొలంలో, ఏ వరి తట్టుకుంటుందో చూద్దామని కలుపుమందు కొట్టి వారమైంది. నారుమడంతా మాడిపోయింది, నడుమ గుండ్రంగా కొంత నారు తప్ప. సైంటిస్టు సంబరం చూసి, గంప చంకన పెట్టుకున్న కలుపుకూలీ సలోమమ్మకు నవ్వాగలేదు.

"చూశావా సలోమమ్మా! వీటిలో మందుకు చావని జీను ఉంది."

"జీనంటే గుర్రానికేసేది గదా సార్?"

"కాదు, విత్తనంలోని గుణం. ఇంక కలుపు తీయడానికి మనుషులే అక్కర్లేదు."

"అబ్బ, ఎంత సల్లని మాట సెప్పినావు సార్! పైవాళ్లకు రాసినావా?"

"పొద్దున్నే హైదరాబాదుకు ఫ్యాక్సు పంపాను."

"మంచి పని. మందు కొట్టిన పొద్దు, నా సద్దిమీద పడతాదని ఈ గంపను ఆడనే బోర్లించినా. జీను దీంట్లోనే ఉంటాది, దీన్ని గూడా పంపు సార్."