ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళ టీ

బోక్‌సెంగా? ఆ మనిషి పేరెత్తకుండా ఈ కొండమీద ఒక్క పనీ జరగదు కదా! పోయి ఇరవై ఏళ్ళు దాటింది, ఇంకా ఆయన పంచాయితీలే. ముందు కూర్చో. సంచి ఒళ్ళో పెట్టుకో, కోతులొస్తాయ్. ఏదీ, బోర్డు మీద ఏం రాయించావు? నేను కళ్ళజోడు తేలేదు, నువ్వే చదువు. "నీళ్ళు మోసుకొచ్చిన వారికి మాత్రమే టీ. ఇట్లు, నడక సంఘం." బాగుంది. అయితే కార్యదర్శిగారూ, ఇంత బోర్డు మోసుకొచ్చారు సరే, మీ నీళ్ళ డబ్బా ఏది? మర్చిపోయావా! నీ బోర్డు ప్రకారం మొట్టమొదట టీ లేనివాడివి నువ్వేనయ్యా చెన్‌యాంగ్. మొహం అలా పెట్టకు. పోసేశాగా, తాగు.

సరే, సంగతేమిటంటే, మొదటి జట్టులో మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి నేను ఊఁ అంటే బోర్డు పాతేస్తారు, కాదంటే కిందికి పట్టుకుపోతారు. అంతేగా? మరి సంఘంలో ముసలాళ్ళు ఏమన్నారు? "బోక్‌సెంగ్ ఉంటే ఒప్పుకునేవాడు కాదు" అన్నారా? వాళ్ళెవరయ్యా చెప్పడానికి! వాళ్ళలో ఒక్కడైనా ఆయనతో నడిచాడా? నేను నడిచాను, ఏళ్ళ తరబడి, ప్రతి ఆదివారం. ఆయనతో కొండెక్కడమంటే ఎద్దుకి పాఠం చెబుతూ పొలం దున్నడం లాంటిది. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు. ఆయాసమొచ్చి ఆగానని ఒప్పుకుంటాడా? చచ్చినా ఒప్పుకోడు. వెనక్కి తిరిగి వేలెత్తి, "మిత్రులారా, ఈ కొండ ఎవడి జాగీరూ కాదు!" అంటాడు. ఎవరన్నారయ్యా జాగీరని? మేమంతా చెమటలు కక్కుతూ ఆ ఎండలో నిలబడి వినాలి. అచ్చాపీసులో అక్షరాలు పేర్చే ఉద్యోగం కదా, పేర్చినవన్నీ చదివేవాడు, చదివినవన్నీ మా నెత్తిన పోసేవాడు. సైన్యం వాళ్ళు కొండకి వేసిన ముళ్ళకంచె తీసేసిన కొత్తలు అవి. అంతకుముందు మాకెవరికీ ఇటు తొంగిచూడ్డానికి కూడా వీల్లేదు. కంచె తీసిన మర్నాడే ప్లాస్టిక్ చెప్పులేసుకుని, బొంగురు గొంతుతో పాట పాడుకుంటూ ఎక్కేశాడు. పాట సంగతి అడక్కు. కోతులు కూడా చెట్టు మారేవి.

ఈ నీళ్ళ డబ్బాల ఏర్పాటు కూడా ఆయన బుర్రలోదే. కింద నేలని కాచే దేవుడి గుడి పక్కన డబ్బాలు నింపి వరసగా పెట్టడం, పైకొచ్చేవాళ్ళు ఎవరి ఓపిక కొద్దీ వాళ్ళు ఒకటో రెండో ఎత్తుకురావడం, ఇక్కడ పొయ్యి మీద కాచి వచ్చినవాళ్ళందరికీ పోయడం. "మోయగలిగినవాడు మోస్తాడు, దాహమేసినవాడు తాగుతాడు" అనేవాడు. ఏ కరపత్రంలోంచి ఎత్తుకొచ్చాడో మరి. వినడానికి బాగానే ఉంటుంది. మోసేదెవరు? నేను. బజార్లో తెల్లారకముందే లేచి సోయాపాలు విరగ్గొట్టి, అల్లం పాకం కాచి, మధ్యాహ్నం దాకా గిన్నెలు లెక్కపెడుతూ అమ్మేదాన్ని వారమంతా. ఆదివారం ఒక్కరోజు గ్వాత్‌తో కబుర్లు చెప్పుకుంటూ నడుద్దామని వస్తే, చెరో డబ్బా చేతిలో పెట్టేవాడు. గ్వాత్ అంటే బజారు మూల జుట్టు కత్తిరించే దుకాణం ఉండేది చూడు, దానిది. మహా నవ్వించేది. దాని కబుర్లు వినడానికే నేను కొండెక్కేదాన్ని, కొండ మీద మోజేం కాదు.

ఆఁ, అక్కడికే వస్తున్నా, తొందరపడకు. ఒక ఏడు సిమెంటు కంపెనీ వాళ్ళు ఉత్తరం వైపు కొండ తవ్వడానికి అనుమతి పెట్టుకున్నారు. మేం వద్దని ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టిస్తున్నాం. బోక్‌సెంగ్ కాళ్ళు బొబ్బలెక్కేలా తిరిగాడు, అది మాత్రం నేను కాదనను. అలాంటి రోజుల్లో ఒక ఆదివారం, మిటమిటలాడే ఎండ, ఆకు కదలడం లేదు. నీళ్ళన్నీ అయిపోయాయి, కెటిల్ అడుగున రెండు కప్పులు మిగిలాయి. ఒకటి నాది, ఒకటి ఆయనది. ఇంతలో భుజాన మూడుకాళ్ళ యంత్రం పెట్టుకుని, నెత్తిన కంపెనీ టోపీతో ఒకడొచ్చాడు. కొలతలు తీసేవాడు. "పెద్దమ్మా, కాస్త టీ దొరుకుతుందా?" అని నన్నే అడిగాడు! నేను నోరు తెరిచేలోపు ఈ మహానుభావుడు రెండు కప్పులూ వాడికి పోసేశాడు. నాది కూడా! నన్నడక్కుండా!

"వాడెవడో తెలుసా నీకు?" అన్నాను. "తెలుసు" అన్నాడు. "ఈ కొండని కోసి బస్తాల్లో నింపుకోడానికి కొలతలు తీస్తున్నాడు." "తెలుసు. పాపం, దాహమేసినట్టుంది." "నాకూ దాహమేస్తోంది!" "నువ్వు కిందికెళ్ళి తాగుతావులే కిమ్, వాడింకా ఆ చివరిదాకా కొలవాలి" అన్నాడు. విన్నావా? వాడు కొలిచే ఓపిక తెచ్చుకోవడానికి నా టీ! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు చెబుతుంటే కూడా మండుతోంది చూడు.

ఆగు, నువ్వేం అడగబోతున్నావో నాకు తెలుసు. వాడి మనసు కరిగిందా అనేగా? ఏం కరగలేదు. కప్పులు రెండూ తాగి, మూతి తుడుచుకుని, దణ్ణం పెట్టి, యంత్రం ఎత్తుకుని పోయాడు. వానలు తగ్గగానే పేలుళ్ళు మొదలయ్యాయి. అదిగో, ఆ తెల్లగా బోడిగా కనిపిస్తోందే, అదంతా కొండే. అటువైపు వెదురు ఉండేది, లిల్లీలు పూసేవి. ఇప్పుడు ఎవరెవరి మేడల్లోనో గోడలై ఉంటుంది. మా సంతకాలు ఏ ఆఫీసులో ఏ బల్ల కాలు కింద ఎత్తుకి పెట్టారో. ఊరందరి కొండని ఒకడికి రాసిచ్చేశారు, అడిగితే అభివృద్ధి అన్నారు. నీకు కోపమొస్తోందా? రావాలి. నాకిప్పటికీ వస్తోంది.

ఆ పేలుళ్ళు మొదలైన కోపంలోనే నేను లేచి అన్నాను, ఇకమీదట మోసినవాళ్ళకే టీ అని. అవును నాయనా, నీ బోర్డు మాట మొదట అన్నది నేనే. బోర్డు లేదు, అంతే తేడా. చేతులెత్తమంటే జట్టంతా నా వైపే ఎత్తారు. గ్వాత్ కూడా ఎత్తింది. బోక్‌సెంగ్ ఒక్కడే ఎత్తలేదు. "కొండ మొత్తం ఎత్తుకుపోయేవాణ్ణి ఆపలేకపోయాం, చెంబుడు టీ దగ్గర మాత్రం పోలీసులమయ్యాం. సరే, అందరి మాటే నా మాట" అన్నాడు. గరిట నా చేతికిచ్చారు, చెయ్యి చురుకైందని.

ఇక చూడు నా తిప్పలు. జనం సెంటు సీసా అంత సీసాలో నీళ్ళు తేవడం మొదలుపెట్టారు. మోశాం కదా, పోయమంటారు. ఒకావిడ, "పోయిన వారం నేను రెండు డబ్బాలు మోశాను, ఒకటి ఈ వారానికి" అంటుంది. ఒక మొగుడూ పెళ్ళాం కలిసి ఒక్క డబ్బా తెచ్చారు. వాళ్ళకి చెరి సగమా, ఒక్కరికేనా? ఆ డబ్బా పట్టుకున్నది నేనంటే నేనని నా ముందే పోట్లాట. బజార్లో లెక్కపెట్టి లెక్కపెట్టి విసిగి కొండెక్కితే ఇక్కడా లెక్కే! గ్వాత్‌కి మోకాలు పట్టేసింది, డబ్బా ఎత్తలేదు. "నీకు మినహాయింపే" అన్నాను. "మినహాయింపు తాగడానికి ఇంత కొండ ఎక్కాలటే కిమ్? మా ఇంట్లో కుళాయి ఉంది" అని నవ్వింది. ఆ తర్వాత రావడం మానేసింది.

ఇక ఆయన. పంతం చూడు. ఒకటి కాదు, రెండు డబ్బాలు మోసుకొచ్చేవాడు. రూలు ప్రకారం రెండు కప్పులు తీసుకునేవాడు. తీసుకుని, ఖాళీ చేతులతో వచ్చినవాణ్ణి వెతికి ఇచ్చేసేవాడు. "మోశాను కాబట్టి నా హక్కేగా? నా హక్కు వీడికిచ్చా. నీ రూల్లో ఎక్కడైనా తప్పొచ్చిందా కిమ్?" అనేవాడు. ఎక్కడొచ్చింది? రాలేదు! అదేగా మంట! చొక్కా వీపంతా ఉప్పు చారలు, పెదాలు పగిలి ఉండేవి. నా ఎదురుగానే నిలబడి వాళ్ళు తాగుతుంటే చూసేవాడు. కొండ దిగేదాకా చుక్క ముట్టడు. ఆ మరుసటి వేసవంతా అదే తంతు. నన్ను ఉడికించడానికే చేశాడని అంటాన్నేను. ఏ మాటా అనకుండా మనిషిని చంపుకు తినడం ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

చివరికి ఒక ఆదివారం, కప్పులు రెండూ చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఇవ్వడానికి ఎవరూ లేరు. మెట్ల దాకా వెళ్ళి చూసొచ్చాడు. ఎవరూ రావడం లేదు. ఖాళీ చేతులవాళ్ళు మా టీ మాట విని పక్క దారిన పోతున్నారు. మేం ఏడుగురం, మోసినవాళ్ళం, వరసగా కూర్చుని ఎవరి కప్పు వాళ్ళు తాగుతున్నాం. కబుర్లు లేవు. ఆయనొచ్చి నా పక్కన కూర్చుని, తలొంచుకుని తాగాడు. నేను గెలిచినట్టేగా? "ఏం, ఉపన్యాసం లేదా ఇవాళ?" అన్నాను. "చల్లారిపోయింది కిమ్" అన్నాడు. అంతే. ఆ మనిషి మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు. తిట్టినా బాగుండేది కదా! గరిట పొయ్యి పక్కన పడేసి, కావలసినవాళ్ళు పోసుకోండి అని దిగిపోయాను. రూలు ఎవరూ తీసెయ్యలేదు, నేను కాయడం మానేశానంతే. నా తర్వాత కాచినవాళ్ళెవరూ లెక్క అడగలేదు, రూలు దానంతటదే పోయింది.

అలాగని నాది తప్పనుకోకు. న్యాయం నా వైపే ఉంది, ఇప్పటికీ ఉంది. మొయ్యనివాడు ఎందుకు తాగాలయ్యా? నువ్వు చెప్పు. నువ్వన్నదాంట్లో వంక పెట్టడానికేం లేదు. వారం వారం జనం పెరుగుతున్నారు, మోసేవాళ్ళు తగ్గుతున్నారు, నిజమే. ఫోటోలు దిగడానికొచ్చి నాలుగేసి కప్పులు తాగిపోతున్నారు, అదీ నిజమే. నేను ఊఁ అనడానికి అడ్డమేముంది? ఆ ముసలాయన లేడు కూడా, పెదాలు ఎండబెట్టుకుని నా మొహం చూడ్డానికి. కాబట్టి నేను...

ఆగు. మెట్ల మీద ఎవరు? ఎవరో అమ్మాయి. తెల్ల బూట్లు, చేతిలో ఫోన్. సంచి కూడా లేదు చూడు, ఒక్క సీసా కూడా లేదు. ఎలా రొప్పుతోందో, మొహం కందగడ్డ అయిపోయింది. ఈ ఎండలో ఇలా వచ్చేస్తారా ఎవరైనా, బుద్ధుందా? ఏంటి నాయనా నా వంక చూస్తావు, లే. లేచి ఆ చోటు ఆమెకివ్వు. అమ్మాయ్, ఇలా రా. అల్లం వేసింది తాగుతావా, వట్టిదా?