మెట్టు లేని అరుగు

హలో… ఆఁ, నేనే అక్కా. ఈ ఇంట్లో నేను కాక ఇంకెవరుంటారు, ఫోనెత్తడానికి…

ఉండుండు, ఒక్క నిమిషం. మేస్త్రి గారూ! కాస్త ఆ రాయి కోసే మిషను ఆపుతారా? మా అక్క ఫోన్ చేసింది… ఆఁ, థాంక్సండీ.

ఇప్పుడు చెప్పు. వార్డులో డ్యూటీ మీదున్నావా, బయటికొచ్చావా?

…

బాగానే ఉన్నా. గొంతా? దుమ్మక్కా. పొద్దున్నుంచీ రాళ్ళు కోస్తుంటే ఇల్లంతా తెల్లటి పొడి. కుట్టు మిషను మీద కూడా దుప్పటి కప్పేశా.

…

ఫోటోనా… లేదు, ఇవాళ పంపలేదు. …తీయలేదు. …అయింది, పనైతే చాలా అయింది. వంటింటి గుమ్మం దగ్గర్నుంచి నిమ్మచెట్టు దాకా రాళ్ళు పరిచేశారు. అంచులొక్కటే మిగిలాయి.

…

లేదు, మెట్టు లేదు. మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాగా, మెట్టు పెట్టించనని. వంటింటి గచ్చూ పెరటి అరుగూ ఒకే మట్టం. గుమ్మం దాటి కాలు బయట పెడితే తేడా తెలియదు. వాన నీళ్ళు లోపలికి రాకుండా మేస్త్రి గారు చెట్టు వైపు కాస్త వాలు పెట్టారు. బకెట్టుతో నీళ్ళు పోసి చూశాం… ఒక్క చుక్క వెనక్కి రాలేదు. అన్నీ చెట్టు మొదట్లోకే పోయాయి.

…

బాగుందా అంటే… బాగుందక్కా. ఇంటి ఇటుకలు ఎరుపు, రాళ్ళలోనూ ఎర్రటి చారలు. ఇల్లే కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టుంది. నువ్వు బూడిదరంగు, బూడిదరంగు అని ప్రాణం తీశావు గానీ, ఆ రంగు ఈ ఇంటికి అరువు తెచ్చుకున్న చొక్కాలా ఉండేది. నేను బట్టలు కుట్టేదాన్ని. ఎవరి ఒంటికి ఏది నప్పుతుందో చూసే కళ్ళు ఇంటిని మాత్రం చూడలేవా?

…

అవును, అన్నావు. బూడిదరంగైతే అందరికీ నచ్చుతుందన్నావు. ‘అందరూ’ అంటే ఎవరబ్బా అనుకున్నా అప్పుడు. ఉండబోయేది మనిద్దరమే కదా అని.

…

ఏం లేదు. ఊరికే గుర్తొచ్చి అన్నా.

…

అక్కా, ఇవాళ మనింటికి మనుషులొచ్చారు.

…

ఎవరో భార్యాభర్తలు. చిన్నవాళ్ళే. …తెలిసినవాళ్ళు కాదు. …ఏంటి, మాట్లాడవే? లైన్లో ఉన్నావా?

…

చెప్తా, విను. మధ్యలో అడ్డు రాకు. చెప్పడం నాకే కష్టంగా ఉంది.

వెనక సందు గేటు తీసుకుని వచ్చారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, రాళ్ళ మధ్య సందుల్లో పొంగిన సిమెంటు తడి స్పాంజితో తుడుస్తున్నా. అతను అడిగాడు, ‘ఇక్కడ పని చూసుకునే ఆవిడ మీరేనా?’ అని. నేనేమన్నానో తెలుసా? ‘అవునండీ, పనంతా నేనే చూసుకుంటున్నా’ అన్నా. గర్వంగా అన్నానక్కా! మొన్న ఇస్త్రీ షాపావిడ వచ్చి చూసి వెళ్ళిందిగా, వాళ్ళింట్లోనూ ఇలాంటిది వేయించుకుంటానని. వీళ్ళూ అలాగే వచ్చారనుకున్నా.

…

అడ్డు రావద్దన్నానా!

కూర్చోబెట్టి టీ ఇచ్చా. తిప్పి చూపించా. ఎండ మధ్యాహ్నం దాటాక ఇటు నుంచి కొడుతుంది, అందుకే చూరు ఏ వాలులో ఉందో అదే వాలులో ఇంకాస్త పొడిగించాం, విడిగా పందిరి వేస్తే అతుకు వేసినట్టుండేది… అని చెప్పా. గోడవారన బల్ల చూపించా. ఆ అమ్మాయి కడుపుతో ఉంది. కూర్చుని, ‘అబ్బ, లేవడానికి ఎంత వీలుగా ఉందో’ అంది. నేనన్నా, ‘మా అక్కకి మోకాలు బాగాలేదమ్మా, కిందికుంటే లేవలేదు, అందుకే ఆ ఎత్తు’ అని. ‘మీ అక్క అదృష్టవంతురాలు’ అందా పిల్ల.

…

ఏడవకు. ఇంకా అసలు సంగతి రాలేదు.

అతను ఫోన్లోకి చూస్తాడు, పెరట్లోకి చూస్తాడు. ‘ఫోటోలో కన్నా పెద్దగానే ఉంది’ అన్నాడు. ఏ ఫోటో అండీ అన్నా. చూపించాడు. నేను తీసిన ఫోటో. చివర్లో నా చెప్పులు కూడా ఉన్నాయి, ఆ తెగిన పట్టీ నేను నీలం దారంతో కుట్టుకున్నవి. నీకు తప్ప ఎవరికీ పంపలేదది. దాని కింద పెద్ద అక్షరాలు, ‘అమ్మకానికి’. ‘ప్రశాంతమైన పెరడు, కొత్తగా వేసిన అరుగు.’ నేనింకా ఆ మాటలు చదువుతూనే ఉన్నా, అతనడిగాడు… ‘ఓనరమ్మ ఎప్పటికి ఖాళీ చేయిస్తానన్నారండీ?’

…

…

ఇప్పుడు అడ్డు రావచ్చు. ఇప్పుడు మాట్లాడు.

…

ఊరికేనా? ఎంతొస్తుందో కనుక్కుందామని ఊరికే పెట్టావా? ఊరికే అయితే మనుషుల్ని ఇంటికెందుకు పంపావు?

…

ఏజెంటు పంపాడా. ‘పని చూసుకునే ఆవిడ’ అన్నదీ ఏజెంటేనా? …నువ్వనలేదా? …ప్రమాణం చేస్తావా? వద్దులే, చెయ్యకు. ఆ అబ్బాయి నా ముందే ఏజెంటుకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. పాపం, నా మొహం చూసి అతనికేదో అనుమానం వచ్చినట్టుంది. ఏజెంటేమన్నాడో చెప్పనా? ‘ఓనరమ్మ చెప్పిందే నేను చెప్పానండీ. ఇంట్లో ఒకావిడ ఉంటుంది, ఆవిడతో ఏమీ అనొద్దు, పెరడు చూసుకుని వచ్చేయండి అంది.’

ఒకావిడ!

…

ఒకావిడనా అక్కా నేను నీకు?

…

నువ్వు బావతో తెగతెంపులు చేసుకుని ఒక్క పెట్టెతో వస్తే, ఇద్దరం కలిసి కొన్న ఇల్లిది. సగం నీ జీతం, సగం నా కుట్టు మిషను. కాగితాల మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నీ పేరు ముందుండాలని నేనే అన్నా, పెద్దదానివని. ఆ ముందు పేరు పెట్టుకుని నువ్వు ఓనరమ్మవైపోయావు, నేను ఒకావిడనయ్యా.

…

బుజ్జీ గిజ్జీ అనకు. ఇవాళ ఆ పిలుపు నాకొద్దు.

…

అదే ఆలోచిస్తున్నా, వాళ్ళు వెళ్ళిన దగ్గర్నుంచీ. ‘ఎనిమిది మంది హాయిగా కూర్చునేలా ఉండాలే’ అన్నావు. మనింటికి ఎనిమిది మంది ఎప్పుడొచ్చారక్కా? నీ హాస్పిటల్ వాళ్ళని పిలుచుకుంటావేమోనని నేనే సర్దిచెప్పుకుని, గుడ్డ కొలిచినట్టు మళ్ళీ కొలిచి వెడల్పు పెంచించా. ‘పూలకుండీలు పెట్టు, కంటికి ఇంపుగా ఉంటుంది’ అన్నావు. పెట్టా. రోజూ ఫోటో, ఫోటో అన్నావు. నేనేమనుకున్నానో తెలుసా? అక్కకి ఎంత ఆత్రమో, రిటైరై ఎప్పుడెప్పుడు వచ్చి ఇక్కడ కూర్చుందామా అని చూస్తోందనుకున్నా. అందుకని ఎండ పడే వేళ చూసి మరీ తీసేదాన్ని. రాళ్ళ రంగు తేలాలని తడిగుడ్డతో తుడిచి తీసేదాన్ని. మనిల్లు నీ తరఫున నేనే బేరానికి పెట్టా. ముస్తాబు చేసి మరీ పెట్టా.

…

నాదీ సగం అని ఇప్పుడా గుర్తొచ్చింది? నాకు సగం ఇస్తావని నాకు తెలియదా? నువ్వు డబ్బు దగ్గర మోసం చేసేదానివి కాదు. అదే అయితే బాగుండేది. తిట్టి ఊరుకునేదాన్ని.

…

ఏంటీ? …సరిగ్గా వినబడలేదు. ఇంకోసారి చెప్పు.

…

రావా?

…

అమ్మినా అమ్మకపోయినా రావా…

…

ఎవరితో? …నీతో డ్యూటీ చేసే హెడ్ నర్సు, ఆవిడా? లిఫ్టున్న ఫ్లాటా? …ఆహా. ఎప్పుడనుకున్నారు ఇదంతా?

…

అంటే నేను రాళ్ళ షాపుల వెంట తిరగకముందే. నాలుగు రాళ్ళు సంచిలో వేసుకొచ్చి ఇంటి గోడకి ఆనించి, ఏది నప్పుతుందో చూడమని వీడియో చేశానే, అప్పటికే నీకు తెలుసు. ‘ఎర్రచారలది బాగుందే, కానీ బూడిదరంగు చూడు’ అన్నావు, నవ్వుతూ.

…

చెప్పడానికి ధైర్యం చాల్లేదా? రాత్రింబవళ్ళు మనుషుల ప్రాణాలు చేతిలో పెట్టుకుని తిరిగేదానివి, నాకో ముక్క చెప్పడానికి ధైర్యం చాల్లేదా?

…

…

చెప్పు, వింటున్నా.

…

నువ్వడగలేదు. నిజమే. మోకాలి గురించి నువ్వేమీ అడగలేదు. పోయిన సెలవుల్లో వచ్చినప్పుడు వెనక మెట్టు దిగుతూ గోడ పట్టుకున్నావు. నేను చూశా. చూస్తే చాలదా, అడగాలా?

…

ఊపిరాడదా?

…నాతో ఉంటే ఊపిరాడదా నీకు?

…

…

ఉన్నా. ఉన్నానక్కా, లైన్లోనే ఉన్నా. నువ్వు చెప్పిందే మళ్ళీ ఒకసారి లోపల వింటున్నా.

…

సరే. మంచం ఎత్తు నేనే కొలుస్తా, కూరలో ఉప్పు నేనే తగ్గిస్తా, ఎప్పుడు పడుకోవాలో నేనే చెప్తా. హాస్పిటల్లో నువ్వు పేషెంట్లకి చేసేది ఇంట్లో నీకు నేను చేస్తా. అదే కదా? నీకు ముసలితనం ఇంకా రాకముందే నేను దానికి కొలతలు తీసుకుని కూర్చున్నాననేగా? …అనుకో. అందులో నిజం లేదని నేననను. కానీ ఆ మాట నాతో అనాలక్కా. ఇళ్ళమ్మేవాడితో కాదు. నువ్వొచ్చి, ‘ఒసేయ్, నేను నీతో ఉండలేనే’ అనుంటే ఏం చేసేదాన్ని? ఏడ్చేదాన్ని. తిట్టేదాన్ని. ఓ పూట అన్నం మానేసేదాన్ని. ఆ తర్వాత నీ చీరలూ పుస్తకాలూ నేనే మడతపెట్టి, ఆ ఫ్లాటుకి కర్టెన్లు కూడా కుట్టిచ్చేదాన్ని. నాకా అవకాశం కూడా ఇవ్వలేదు నువ్వు.

…

క్షమించమంటే… నాకిప్పుడు చేతకావడం లేదు. రేపు చేతనవుతుందేమో. తెలియదు.

…

వాళ్ళా? వెళ్ళిపోయారు. నేనింటి మనిషినని చెప్పగానే ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుంది. నా చేతులనిండా సిమెంటు. ‘మాకు తెలియదు ఆంటీ, ఒట్టు’ అంది. మొగుడి వైపు తిరిగి, ‘ఈ ఇల్లు మనకొద్దండీ’ అంది. అతను ఎంత సిగ్గుపడ్డాడో… తాగిన కప్పులు తనే తీసుకెళ్ళి సింకులో పెట్టాడు. ముక్కూమొహం తెలియనివాళ్ళు! వాళ్ళకున్న పాటి…

పోనీలే.

…

సంతకమా? పెట్టను.

…

కోపంతో కాదు. …సరే, కోపంతోనే. కోపం తగ్గాక అడుగు, అప్పుడూ పెట్టను. నేనిక్కడే ఉంటా. నా దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఇక్కడున్నారు, నా వీధి ఇది. నీ వాటా నీకు చేరాల్సిందే, ఎగ్గొట్టను. ఎలా చేరాలో లాయరు దగ్గర కూర్చుని మాట్లాడుకుందాం. నీ గది అద్దెకిస్తా. అవసరమైతే అరుగు మీద పిల్లలకి కుట్టు నేర్పుతా, ఎనిమిది మంది పడతారుగా. ముందు ఆ ఫోటోలు తీయించెయ్. ఇవాళే. నా చెప్పులు ఊరందరూ చూడక్కర్లేదు.

…

ఉండు. ఏంటండీ మేస్త్రి గారూ? …ఏ పైపు? …ఓ, గుమ్మం పక్కన పట్టుకోడానికి పెట్టమన్నదా…

…

ఏమీ లేదక్కా, నువ్వు లోపలికీ బయటికీ వచ్చేటప్పుడు పట్టుకుంటావని ఒక స్టీలు పైపు చెప్పా. ఎక్కడ బిగించాలో అడుగుతున్నారు. …వద్దంటావా? అవునులే, నీకొద్దు.

బిగించండి మేస్త్రి గారూ. …లేదు, అంత ఎత్తు కాదు, అది మా అక్క కొలత. ఇదిగో, నా చెయ్యి ఇక్కడిదాకా వస్తుంది. ఇక్కడ గుర్తు పెట్టండి. …ఆఁ, నాకే. నాకు మాత్రం మోకాళ్ళు లేవా?

…

విన్నావుగా.

…

ఆదివారమా? …నీ ఇష్టం. రావద్దని నేననను, నీ పేరూ ఉంది కాగితాల్లో. కానీ వచ్చే ముందు ఫోన్ చెయ్యి.

…

ఎందుకేంటక్కా? ఎవరైనా మా ఇంటికి ఫోన్ చేసే వస్తారు.

…

ఆఁ. పెట్టేస్తున్నా.