రంపం ఆగేదాకా

నా పేరు, ఇంటి నంబరు మీరు పైన రాసుకున్నారు. వయసు నలభై ఆరు. కలప అడితిలో పదకొండేళ్లుగా పెద్ద రంపం మిషన్ నడుపుతున్నాను. అందరూ రంపం మావయ్య అంటారు. సార్, ముందే చెబుతున్నాను, మేస్త్రీ మీద నా చెయ్యి పడలేదు.

పోయిన నెల మేస్త్రీ పని త్వరగా తెమలాలని చిన్న రంపం మీదుండే ఇనుప మూత తీయించాడు. దాని మీద పనిచేసే నా బావమరిదికి రెండు వేళ్లు తెగిపోయాయి. వాడు తాగి వచ్చాడని మేస్త్రీ యజమానికి చెప్పాడు. వాడు టీ కూడా తాగడు సార్.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల దగ్గర నలుగురం కూర్చున్నాం. బావమరిది, పాలిష్ పనివాడు, లోడు ఎత్తే పొడుగోడు, నేను.

"రేపు నాలుగింటికి మేస్త్రీ మీద పడదాం. చంపేదేం లేదు, నాలుగు తగిలిస్తే దారికొస్తాడు" అన్నాడు పొడుగోడు.

"అరుస్తాడు కదరా, రోడ్డు మీదికి వినపడదూ?" అన్నాడు పాలిష్ అతను.

అప్పుడు నేనే అన్నాను, "పెద్ద రంపం వేస్తే పిడుగు పడ్డా వినపడదులే" అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా దగ్గర రంపం మోతలో మాటలు వినపడవు. అందుకే పెద్ద రంపం ఆగితే ఎక్కడి పని అక్కడ ఆపేయాలి. అది మా అలవాటు. "బావా, నువ్వు ఒక్క దుంగ కొయ్యి. నువ్వు ఆపగానే మేమూ ఆపేస్తాం" అన్నాడు బావమరిది. సరేనన్నాను. ఒక దుంగకు ఆరు నిమిషాలు పడుతుంది.

బుధవారం నాలుగింటికి ఐదు నిమిషాలు తక్కువ. మేస్త్రీ కొలతల టేపు కోసం వెనక గదిలోకి వెళ్లాడు. ముగ్గురూ వెంట వెళ్లి తలుపు వేశారు. నేను స్విచ్ వేశాను. దుంగ వంకరగా తెగింది. పదకొండేళ్లలో నేను అలా కోసింది లేదు.

ఆసుపత్రిలో మేస్త్రీ ఇంకా కళ్లు తెరవలేదని ఇందాక కానిస్టేబుల్ గారు చెప్పారు. కలిసి అనుకుని చేస్తే కొట్టినవాడికీ కాపలా ఉన్నవాడికీ ఒకటే నేరమని మీరన్నారు. మా ఆవిడకు అటు తమ్ముడు, ఇటు నేను. నా చెయ్యి పడలేదు సార్.

ఒక సంగతి చెప్పలేదు. నాలుగు దాటి ఒక నిమిషానికి దుంగ అయిపోయింది. ఆపాలి. ఆపితే తలుపు తీస్తారు, లోపల ఎలా ఉన్నాడో చూడాలి. చూడాలంటే భయమేసింది. ఇంకో దుంగ దొర్లించాను.

అది కూడా అయ్యాక ఆపాను. బావమరిది తలుపు తీసుకుని బయటికొచ్చాడు. వాడి చొక్కా చెమటకు తడిసిపోయి ఉంది.

"ఇంతసేపూ ఆపలేదేంటి బావా?" అని ఏడ్చాడు.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, ఎవరి ఒత్తిడీ లేదు, అబద్ధం లేదు. నాకు సంతకం వచ్చు. చెయ్యి నిలవడం లేదు గనుక ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.